‘ట్రైనింగ్‌లో చూసుకుంటారు’ అన్న వాక్యం కింద సంతకం పెట్టాలా?

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. రాసినావిడకు 32 ఏళ్లు. పేరు, సంస్థ వివరాలు బయటపెట్టవద్దన్నారు కాబట్టి అవి వదిలేసి, మిగతాది ఆమె మాటలకు దగ్గరగానే చెబుతున్నాను.

పుట్టి పెరిగింది నాయుడుపేట దగ్గర ఒక పల్లెలో. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు ఊరంతా డాబాలెక్కేది. ముందు వెలుగు కనపడేది, చాలాసేపటికి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డ పిల్ల మెకానికల్ ఇంజినీరింగ్ చదివింది, ఎర్గోనామిక్స్‌లో, అంటే మనిషి ఒంటికి, చేతికి తగ్గట్టు పరికరాలు అమర్చే విద్యలో, పీజీ చేసింది, నాలుగేళ్ల కిందట ఒక ప్రైవేటు సంస్థలో చేరింది. మనుషులు ప్రయాణించే అంతరిక్ష నౌకలో లోపలి అమరిక ఆమె టీమ్ పని. సీట్లు, ప్యానెళ్లు, చేతికి అందాల్సిన హ్యాండిళ్లు, నిద్రపోయే చోటు, గాలి తిరిగే దారి, అన్నీ వాళ్లే చూడాలి. టీమంటే ఇద్దరే. ఆఫీసులో మిగతావాళ్లు దాన్ని ‘కర్టెన్ల డిపార్ట్‌మెంట్’ అంటారట.

రెండు నెలల కిందట ప్లైవుడ్ మాకప్‌లో, అంటే నౌక లోపలి భాగానికి చేసిన చెక్క నమూనాలో, ఒక పరీక్ష పెట్టారు. ఆరుగురిని ఒక్కొక్కరుగా సీట్లో వెల్లకిలా పడుకోబెట్టి, బెల్టులు బిగించి, మందపాటి గ్లౌజులు తొడిగి, అత్యవసరంలో తిప్పాల్సిన వాల్వు హ్యాండిల్‌ను అందుకోమన్నారు. నలుగురు అందుకున్నారు. మిగతా ఇద్దరూ ఐదడుగుల రెండంగుళాల లోపువాళ్లు. భుజం బెల్టు వదులు చేసుకుంటే గానీ వాళ్ల వేళ్లు అక్కడిదాకా వెళ్లలేదు. ఆమె రిపోర్టులో ఆ సంగతి రాశారు. ఫైనల్ కాపీలో ఆ పేరా లేదు. దాని స్థానంలో ఒక్క వాక్యం ఉంది: ‘శిక్షణ ద్వారా అధిగమించదగినది.’

టీమ్ లీడ్‌ను అడిగితే ఆయన కోప్పడలేదట. “హ్యాండిల్ జరపాలంటే పైపు జరపాలి. పైపు జరిపితే బ్రాకెట్ మారుతుంది, బరువు పెరుగుతుంది, వైబ్రేషన్ లెక్కలు మళ్లీ మొదటి నుంచి చేయాలి. మూడు నెలలు పోతాయి. వెళ్లేవాళ్లు మామూలు మనుషులు కాదు కదమ్మా, ఏళ్ల తరబడి ట్రైనింగ్ అవుతారు. వాళ్లు చూసుకుంటారు. మరీ అయితే ఎత్తు చూసి ఎంపిక చేస్తారు” అన్నారట. ఈ నెలాఖరు రివ్యూకి ఆ కాగితం మీద ఆమె సంతకం కావాలి.

ఇంటి సంగతి వేరే. భర్త, ఐదేళ్ల పాప హైదరాబాద్‌లో అత్తగారి దగ్గర ఉంటారు. ఈమె శుక్రవారం రాత్రి బస్సెక్కి వెళ్లి, ఆదివారం రాత్రి బస్సులో తిరిగొస్తారు. హైదరాబాద్‌లోనే వైద్య పరికరాలు తయారుచేసే సంస్థ నుంచి ఆఫర్ వచ్చింది. భర్త “నీ ఇష్టం” అంటారు. అత్తగారు మాత్రం “సీట్లు సర్దే ఉద్యోగానికి పిల్లను వదిలి ఉండాలా?” అని నలుగురి ముందు అడిగారు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. “సంతకం పెట్టేసి వచ్చేయనా? పెట్టకుండా గొడవపడనా? లేక నేనే అతి చేస్తున్నానా?” అని ముగించారు.

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు చేస్తున్నది అతి కాదు.

మీకు తెలిసిన సంగతే అయినా ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం ఒకటి గుర్తుచేస్తాను. 1971 జూన్ 30న సోవియట్ అంతరిక్ష నౌక సోయుజ్ 11 నేలకు దిగింది. తలుపు తీసి చూస్తే లోపల దొబ్రొవోల్స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ ముగ్గురూ ప్రాణాలతో లేరు. నౌక భాగాలు విడిపోయినప్పుడు, దాదాపు 168 కిలోమీటర్ల ఎత్తున, తెరుచుకోకూడని ఒక వాల్వు తెరుచుకుని క్యాబిన్‌లో గాలి అంతా బయటికి పోయింది. ఆ వాల్వును చేత్తో మూసే ఏర్పాటు ఉంది. దాన్ని మూయాలని ప్రయత్నించిన ఆనవాళ్లు కూడా దొరికాయి. కానీ పూర్తిగా మూయడానికి దాదాపు నిమిషం పడుతుంది, స్పృహ నిలిచేది కొద్ది సెకన్లే. ఒంటి మీద, గాలి పోయినా కాపాడే ప్రెషర్ సూట్లు లేవు, ఎందుకంటే సూట్లు వేసుకున్న ముగ్గురికి ఆ క్యాబిన్‌లో చోటు లేదు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు సోయుజ్‌లో ఇద్దరినే పంపారు, సూట్లు తొడిగి. వాళ్లు ముగ్గురూ ట్రైనింగ్ అయినవాళ్లే. ఆ నిమిషాన్ని సెకన్లకు కుదించడం ఏ ట్రైనింగ్ వల్లా అయ్యే పని కాదు.

మీ హ్యాండిల్ కథ అంత దూరం పోతుందని నేను అనడం లేదు. డ్రాయింగ్ చూడకుండా అలా అనడం అన్యాయం. కానీ ‘బెల్టు వదులు చేసుకుంటే అందుతుంది’ అన్నదీ, ‘అందుతుంది’ అన్నదీ ఒకటి కావు. ఆ రెంటి మధ్య ఎన్ని సెకన్లున్నాయో ఎవరూ కొలవలేదు. మీకు మూడింటికి మెలకువ వచ్చేది అందుకే.

నేను ముప్పై ఏళ్లకు పైగా విమానాల కాక్‌పిట్ అమరిక మీద పనిచేశాను. ఒకసారి నేనూ సంతకం పెట్టాను. సీటు వెనక ఒక ఫిల్టర్ మార్చాలంటే చెయ్యి దూర్చాల్సిన సందు ఇరుకుగా ఉందని నాకు తెలుసు. ‘మెకానిక్‌లకు అలవాటవుతుంది’ అని రాసిన కాగితం మీదే సంతకం చేశాను. రెండేళ్ల తర్వాత హ్యాంగర్‌లో ఒక మెకానిక్ తన కుడిచెయ్యి చూపించాడు. నాలుగు వేళ్ల గణుపుల మీదా తెల్లటి మచ్చలు, ఒకదాని మీద ఒకటి. “అలవాటైంది సార్” అన్నాడు. అతను నిష్ఠూరమాడలేదు. కానీ ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరూ చనిపోని, ఎవరూ ఫిర్యాదు చేయని పొరపాటు అది. అయినా నాదే.

మా రంగంలో అందరూ చెప్పుకునే ఉదంతం ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీద ఉండగా పైలట్లు ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. పైలట్ తప్పు అని రాసి ఫైలు మూసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్‌ల మీటకు రెక్క ఆకారపు ముక్క అతికించమన్నాడు. చీకట్లో తడిమినా తేడా తెలిసింది, ఆ ప్రమాదాలు ఆగాయి. ఈ ఉదంతం మీ లీడ్‌కు చెప్పండి, దెప్పడానికి కాదు. చవకగా, బరువు లేకుండా కూడా పరిష్కారం దొరుకుతుందని చూపడానికి.

ఆయన వైపు కూడా చూద్దాం. మీ ఉత్తరంలో ఆయన దుర్మార్గుడిగా కనిపించలేదు, బరువు లెక్కలతో నలిగిపోతున్న మనిషిగా కనిపించారు. నౌకలో ప్రతి కిలోకూ ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాలి, అది నిజం. కానీ మనిషిని దృష్టిలో పెట్టుకుంటే బరువు పెరుగుతుందన్నది మాత్రం ప్రతిసారీ నిజం కాదు. అపోలో చంద్రయానంలో చంద్రుడి మీద దిగే లూనార్ మాడ్యూల్‌కు మొదట సీట్లు, పెద్ద కిటికీలు అనుకున్నారు. కూర్చున్న మనిషికి కింద నేల కనపడాలంటే అద్దం పెద్దది కావాలి, పెద్ద అద్దం చాలా బరువు. గురుత్వం తక్కువున్న చోట కొద్ది నిమిషాల ప్రయాణానికి సీటెందుకు, నిలబెడితే పోలా అని ఎవరో అడిగారు. నిలబడితే ముఖం అద్దానికి దగ్గరగా వస్తుంది, చిన్న కిటికీలోంచే ఎక్కువ కనపడుతుంది. సీట్లు పోయాయి, అద్దాలు తగ్గాయి, బరువు దిగింది, చూపు మెరుగైంది. ఇది మీ ‘కర్టెన్ల డిపార్ట్‌మెంట్’ చేసే ఆలోచనే.

ఇంకోటి కూడా ఉంది. సోయుజ్‌లో కమాండర్ బెల్టులతో బిగించుకుని కూర్చుంటే ప్యానెల్ మీద బటన్లు చేతికి అందవు. అందుకని చేతిలో ఒక కర్ర పట్టుకుని దాంతో నొక్కుతారు. దశాబ్దాలుగా అదే పద్ధతి. అయితే ఆ కర్ర ‘వాళ్లు చూసుకుంటారు’ కిందికి రాదు. అందదని ముందే ఒప్పుకుని, దానికో పనిముట్టు ఇచ్చి, ఆ పనిముట్టుతోనే శిక్షణ ఇస్తారు. కాబట్టి పైపు జరపడం ఒక్కటే దారి అనుకోకండి. హ్యాండిల్‌కు పొడిగింపు పెట్టవచ్చు, లాగే పట్టీ పెట్టవచ్చు, తిప్పే దిశ మార్చవచ్చు, భుజం బెల్టును చెయ్యి చాచినప్పుడు కాస్త ముందుకు జారే రకంగా మార్చవచ్చు. వీటిలో రెండింటికైనా బరువు, వ్యవధి మీరే లెక్కగట్టి పట్టుకెళ్తే, మూడు నెలలు పోతాయన్న వాదన బలహీనపడుతుంది.

ఇక మీకు కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. లీడ్ తీసేసిన పేరాను మీరు ఉత్తరానికి జతచేశారు. అందులో ‘పొట్టివారికి హ్యాండిల్ అందుకోవడం అసౌకర్యంగా ఉంది, మార్చడం మంచిది’ అని ఉంది. ‘అసౌకర్యం’ అన్న మాటే మిమ్మల్ని దెబ్బతీసింది. ఇంజినీర్ల మీటింగులో అసౌకర్యం అంటే దిండు, కర్టెను. మీరు చూసింది అసౌకర్యం కాదు, అందకపోవడం. అదే పేరాను ఇలా రాయండి: ఇంత ఎత్తు, ఇంత చేతి పొడవు ఉన్న ఇద్దరు బెల్టు బిగించి ఉండగా హ్యాండిల్‌ను చేరలేకపోయారు, లోటు ఇన్ని సెంటీమీటర్లు, బెల్టు వదులు చేసి, తిప్పి, మళ్లీ బిగించడానికి పట్టింది ఇన్ని సెకన్లు, గాలి లీకయ్యే సందర్భంలో మన లెక్క ప్రకారం ఉండే వ్యవధి ఇన్ని సెకన్లు. అంతే. ‘మంచిది’, ‘బాగుంటుంది’ లాంటి మాటలు ఎక్కడా వద్దు. రెండు అంకెలు పక్కపక్కన పడితే వాటిని చెరిపి ‘శిక్షణ’ అని రాయడానికి ఎవరికైనా చెయ్యి ఆడదు.

మీ పరీక్షలో ఇంకో లోపం ఉంది, అది కూడా మీకు అనుకూలమైనదే. గ్లౌజులకు గాలి నింపారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి నింపలేదనుకుంటాను. సూట్‌లోకి ప్రెషర్ వచ్చాక భుజం, మోచెయ్యి, వేళ్లు అన్నీ బిగుసుకుంటాయి, చెయ్యి అంత దూరం చాచలేరు. మీరు అందుకున్నారని రాసిన నలుగురూ అప్పుడు కూడా అందుకుంటారని నమ్మకం లేదు. ఎత్తు చూసి ఎంపిక చేస్తారన్న మాటకు కూడా జవాబుంది. 1950 ప్రాంతంలో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్లను పది కొలతల్లో పోల్చి చూశాడు. పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎత్తు సరిపోయినవాడికి చెయ్యి పొట్టి, చెయ్యి సరిపోయినవాడికి మొండెం పొడుగు. సగటు మనిషి కోసం కాక్‌పిట్ చేస్తే అది ఎవరికీ సరిపోదని విమానాల వాళ్లకు తెలిసొచ్చింది అలా.

‘కర్టెన్ల’ మాట దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అది మిమ్మల్ని లోపల తొలుస్తోందని ఉత్తరంలో తెలుస్తోంది. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో నిద్రపోయే ఫోన్ బూత్ అంత గదిని తీసుకోండి. భూమ్మీద మనం వదిలిన ఊపిరి వెచ్చగా, తేలికగా ఉండి పైకి పోతుంది. అక్కడ పైకీ కిందికీ తేడా లేదు కాబట్టి ముఖం చుట్టూనే గూడు కడుతుంది. గాలి కదలకపోతే నిద్రలో తన కార్బన్ డయాక్సైడ్‌నే తాను పీల్చుకుంటూ తలనొప్పితో లేస్తాడు మనిషి. అందుకని ఫ్యాన్ పెట్టాలి. ఫ్యాన్ పెడితే చప్పుడు. చప్పుడు ఎక్కువైతే నిద్ర ఉండదు, నెలల తరబడి అయితే చెవులకూ ముప్పే. చప్పుడు తగ్గించడానికి మెత్తటి పొర అతికించాలి, ఆ పొర నిప్పంటుకోనిది కావాలి, దుమ్ము రాల్చనిది కావాలి. కేంద్రం రోజుకు దాదాపు 16 సార్లు సూర్యోదయం చూస్తుంది కాబట్టి నిద్రవేళ వెలుతురు కూడా ఒకరు ఆలోచించాలి. రోజుకు రెండు గంటల వ్యాయామం లేకపోతే ఎముక కరుగుతుంది, ఆ వ్యాయామ యంత్రం ఊపుకు కేంద్రం మొత్తం వణకకుండా కింద స్ప్రింగుల ఏర్పాటు చేయాలి. వీటిలో ఒక్కటి తప్పినా మర్నాడు పొద్దున మీట తప్పుగా తిప్పేది ఆ నిద్రలేని మనిషే. రష్యాలో గలీనా బలషోవా అనే ఆర్కిటెక్ట్ సోయుజ్ నుంచి మిర్ అంతరిక్ష కేంద్రం దాకా నౌకల లోపలి భాగాలకు రూపమిచ్చింది. పైన, కింద అన్న స్పృహ ఒంటికి ఉండాలని నేలకు ముదురు రంగు, పైకప్పుకు లేత రంగు ఎంచింది. గోడకు తగిలించడానికి తన చేత్తో వాటర్ కలర్ బొమ్మలు కూడా గీసిచ్చింది. ఆవిడ పనిని కూడా రంగుల పని అన్నవాళ్లు ఉండే ఉంటారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇప్పుడున్న వాక్యం కింద సంతకం పెట్టేయడం మొదటిది. నెలాఖరు ప్రశాంతంగా గడుస్తుంది, లీడ్‌తో సంబంధం చెడదు. కానీ ఆ కాగితం మీద ఉండేది మీ పేరు. రేపు ఎవరైనా ‘హ్యూమన్ ఫ్యాక్టర్స్ వాళ్లే (అంటే మీ టీమే) ఒప్పుకున్నారు’ అంటే కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఇది వద్దని ఆజ్ఞాపించను. నేను పెట్టి చూశాను కాబట్టి దాని రుచి చెప్పాను.

తొలగించిన పరిశీలనను అనుబంధంగా చేర్చి, ‘ఈ అంశం ఇంకా తెరిచే ఉంది’ అన్న మాటతో సంతకం పెట్టడం రెండోది. చాలా చోట్ల దీనికి వెసులుబాటు ఉంటుంది, మీ దగ్గర ఉందో లేదో క్వాలిటీ వాళ్లను అడగండి. పని ఆగదు, నిజం కాగితం మీద ఉంటుంది. చిక్కేమిటంటే, తెరిచి ఉన్న అంశాలు జాబితాల్లో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. ఎవరు, ఎప్పటిలోగా మూయాలో తేదీతో రాయించుకోకపోతే ఇది కూడా మొదటి దారిలోనే కలుస్తుంది.

మూడోది, మళ్లీ పరీక్ష అయ్యేదాకా సంతకం ఆపడం. ప్రెషర్ నింపిన గ్లౌజులతో, స్టాప్‌వాచ్‌తో, పొడిగింపు హ్యాండిల్ ఉన్నప్పుడూ లేనప్పుడూ చేసి చూడటం. మాకప్ ఎలాగూ ఉంది కాబట్టి ఒకట్రెండు రోజుల పని. కొన్నాళ్లు ముఖాలు మాడతాయి, ‘ఈవిడ వల్లే ఆలస్యం’ అన్న మాట పడాల్సి రావచ్చు, వేరేవాళ్లతో సంతకం పెట్టించుకునే ప్రమాదం కూడా ఉంది. నాకు మనసులో మొగ్గు దీనివైపే ఉంది, కానీ ఆ మాటలు పడేది నేను కాదు, మీరు.

లీడ్‌ను దాటి పైవాళ్ల దగ్గరికి, భద్రత చూసే విభాగానికి వెళ్లడం కూడా ఉంది. అంకెలతో ఆ పేరా తిరగరాసి లీడ్‌కే ముందు ఇచ్చి, ఆయన కాదన్నాక మాత్రమే వెళ్లండి. ఆయనకు చెప్పే వెళ్లండి. చెప్పకుండా వెళ్తే మాట్లాడేది హ్యాండిల్ గురించి కాదు, మీ గురించి అవుతుంది.

హైదరాబాద్ ఆఫర్ వీటిలోది కాదు. అది వేరే ప్రశ్న, మీరు రెంటినీ ముడివేశారు. పాప కోసం వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఐదేళ్ల పిల్ల దగ్గర ఉండాలనుకోవడం ఓటమి కాదు. వైద్య పరికరాల్లోనూ ఇదే విద్య. రాత్రి డ్యూటీలో అలసిపోయిన నర్సు రెండు మీటలను పొరబడకుండా చేసేది మీలాంటివాళ్లే. కానీ ఈ కాగితం నుంచి తప్పించుకోవడానికే వెళ్తే, ఆ మూడింటి మెలకువ మీతోపాటే హైదరాబాద్ వస్తుంది. వెళ్లేదైనా ఉండేదైనా, ఆ పేరా తిరగరాసి, పంపి, తర్వాత తేల్చుకోండి. అత్తగారి మాటకు కోపంతో జవాబివ్వకండి. మీ పని ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పి ఉండరు. ఈసారి వెళ్లినప్పుడు వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, చీరకొంగుతో భుజాలు వెనక్కి కట్టి, గ్యాస్ నాబ్ ఆపమనండి. పాపకు కూడా సరదాగా ఉంటుంది.

నిద్ర సంగతి విడిగా చెబుతాను. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్‌లోకి వెళ్లిన చివరి ముగ్గురికి మొదటి వారాల్లో నిమిషం ఖాళీ లేకుండా పని పెట్టారు. వాళ్లు వెనకబడ్డారు, తప్పులు చేశారు, విసుక్కున్నారు. సమ్మె చేశారని తర్వాత పుట్టిన కథ నిజం కాదు. డిసెంబర్ 30న భూమ్మీద నుంచి పని పురమాయించేవాళ్లతో ఇది మావల్ల కావడం లేదని దాపరికం లేకుండా మాట్లాడారు. కాస్త విరామం వచ్చింది, పని వేళలు సడలించారు. ఆ తర్వాత పని ఇంకా బాగా జరిగింది, 84 రోజులు పూర్తిచేసి దిగారు. మీరూ వారానికి రెండు రాత్రులు బస్సులో గడుపుతూ, పన్నెండేసి గంటలు పనిచేస్తున్నారు. ఇంకో మనిషికి మీరు ఇలాంటి షెడ్యూలు వేయరు. నెలకు రెండు వారాంతాలైనా భర్తను, పాపను బెంగళూరు రమ్మనండి. ఈ స్థితి మరో రెండు మూడు వారాలు సాగితే డాక్టర్‌కు చూపించుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఈ వారం ఒకే పని పెట్టుకోండి. మాకప్ దగ్గరికి టేపు, స్టాప్‌వాచ్ తీసుకెళ్లి, ఆ ఇద్దరిలో ఒకరిని పిలిచి, లోటు ఎన్ని సెంటీమీటర్లో, బెల్టు వదలడానికి ఎన్ని సెకన్లో మూడేసి సార్లు కొలవండి. పేరా తిరగరాసి శుక్రవారం సాయంత్రం బస్సెక్కే ముందే లీడ్‌కు పంపేయండి. పంపకుండా ఎక్కితే ఆ రాత్రి కూడా మీకు నిద్ర ఉండదు.